టెక్సాస్ కాలేజీల్లో సైనిక విద్యార్థులకు టీఎస్ఐ పరీక్ష మినహాయింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క కొడుకు ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో ఉద్యోగం చేస్తూ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరాలనుకున్నప్పుడు ఈ నిబంధనలు మొదటిసారి చదివాను. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో సైన్యంలో చేరిన పిల్లలు ఇప్పుడు కొందరున్నారు. వాళ్ల తల్లిదండ్రులు కనిపించినప్పుడల్లా ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నిటికీ ఒకచోట జవాబు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందు అసలు విషయం

టీఎస్ఐ అంటే ఏమిటి? మన ఎంసెట్ లాంటి ప్రవేశ పరీక్షేనా?

కాదు. టీఎస్ఐ అంటే టెక్సాస్ సక్సెస్ ఇనిషియేటివ్. టెక్సాస్‌లోని ప్రభుత్వ కాలేజీ, యూనివర్సిటీల్లో డిగ్రీ మొదలుపెట్టేవాళ్లు చదవడం, రాయడం, లెక్కల్లో కాలేజీ స్థాయికి సిద్ధంగా ఉన్నారో లేదో చూసే రాష్ట్ర కార్యక్రమం ఇది. 2003లో శాసనసభ దీన్ని తెచ్చింది. అంతకుముందు టాస్ప్ అనే పరీక్ష ఉండేది. ఇప్పుడు రాయించే పరీక్ష పేరు టీఎస్ఐఏ2, ఇది 2021 జనవరిలో మొదలైంది. ఇందులో ర్యాంకు ఉండదు, సీటు పోవడమూ ఉండదు. ఈ పరీక్ష ఫలితం చూపించి అడ్మిషన్ నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది. మార్కులు తక్కువైతే కాలేజీ స్థాయి కోర్సుతో పాటు అదనపు సహాయ తరగతిలో కూర్చోబెడతారు, అంతే.

సైన్యంలో ఉంటే ఈ పరీక్ష పూర్తిగా రాయక్కర్లేదా?

అర్హత ఉంటే అక్కర్లేదు. లెక్కలు, ఇంగ్లీషు రెండు భాగాలకూ మినహాయింపు వస్తుంది. పరీక్షకు ముందు అందరిచేత చేయించే ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ కూడా అవసరం లేదు. డెవలప్‌మెంటల్ తరగతుల్లో, అంటే పైన చెప్పిన సహాయ తరగతుల్లో, తప్పనిసరిగా చేరాలని కాలేజీ ఒత్తిడి చేయకూడదు.

సైనికులకు ఈ వెసులుబాటు ఉండటం న్యాయమేనని నా అభిప్రాయం. హైస్కూలు అయ్యాక ఏడెనిమిదేళ్లు రేడియో, ఇంజిన్ రిపేరు, వైద్య సహాయం లాంటి కఠినమైన శిక్షణలు పూర్తి చేసినవాళ్లను, పదో తరగతి ఆల్జీబ్రా గుర్తు లేదన్న ఒక్క కారణంతో వెనక్కి నెట్టడం బాగుండదు.

మినహాయింపు వచ్చిందంటే యూనివర్సిటీలో సీటు వచ్చినట్టేనా?

సీటు వేరు, ఇది వేరు. కమ్యూనిటీ కాలేజీలు ఎలాగూ అందరినీ చేర్చుకుంటాయి కాబట్టి అక్కడ ఈ తేడా కనిపించదు. పెద్ద యూనివర్సిటీల్లో బాగా కనిపిస్తుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ 2025 ఫాల్ బ్యాచ్ నుంచి, హైస్కూలు నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఎస్ఏటీ లేదా ఏసీటీ అనే ప్రవేశ పరీక్ష స్కోరు మళ్లీ తప్పనిసరి చేసింది. టీఎస్ఐ మినహాయింపు కాగితం దానికి బదులుగా పనికిరాదు. రైస్, ఎస్ఎంయూ లాంటి ప్రైవేటు యూనివర్సిటీలకు టీఎస్ఐయే వర్తించదు, వాటి నిబంధనలు వాటివే.

## ఎవరికి వర్తిస్తుంది

మావాడు ఆర్మీలో చేరి ఏడాదిన్నరే అయింది. వస్తుందా?

అందరూ తడబడేది ఇక్కడే. నిబంధనలో వాక్యం ఇలా సాగుతుంది: అమెరికా సాయుధ దళాల్లోగానీ టెక్సాస్ నేషనల్ గార్డ్‌లోగానీ యాక్టివ్ డ్యూటీలో (పూర్తికాల సేవలో) ఉన్నవారు, లేదా రిజర్వ్ దళంలో సభ్యులుగా ఉన్నవారు, కాలేజీలో చేరే నాటికి కనీసం మూడేళ్లుగా సేవ చేస్తూ ఉండాలి. ఆ మూడేళ్ల షరతు చివరన చెప్పిన రిజర్వ్ వాళ్లకేనా, అందరికీనా అన్నది చదివేవారిని బట్టి మారుతుంది. చాలా కాలేజీల వెబ్‌సైట్లలో ఇదే వాక్యాన్ని యథాతథంగా పెట్టి ఊరుకుంటారు.

కాబట్టి మూడేళ్లు నిండి ఉంటే నిశ్చింతగా అడగండి. నిండకపోతే కాలేజీలోని టెస్టింగ్ ఆఫీసునో వెటరన్స్ ఆఫీసునో ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో ఒకరు సరే అంటారు, కౌంటర్లో ఇంకొకరు కాదంటారు. ఈమెయిల్ చేతిలో ఉంటే ఆ గొడవ ఉండదు.

నేను నెలకో వారాంతం డ్రిల్‌కి వెళ్లే రిజర్వ్ సైనికుడిని. యాక్టివ్ డ్యూటీ కాదు కదా?

పరవాలేదు. రిజర్వ్ దళాల సభ్యుల్ని నిబంధన విడిగా పేర్కొంది. మీ విషయంలో మూడేళ్ల షరతు మాత్రం కచ్చితంగా వర్తిస్తుంది. చేరిన తేదీ నుంచి కాలేజీ టర్మ్ మొదలయ్యే తేదీ వరకూ లెక్కపెట్టుకోండి. రెండు మూడు నెలలు తక్కువైతే ఒక టర్మ్ ఆగి చేరడమా, పరీక్ష రాసేయడమా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే రాసేయమంటాను. టర్మ్ పోగొట్టుకోవడం కంటే ఒక పూట పరీక్ష నయం.

సర్వీసు నుంచి బయటికొచ్చి పదేళ్లయింది. ఇప్పుడు కూడా చెల్లుతుందా?

చెల్లుతుంది. 1990 ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ గౌరవప్రదంగా డిశ్చార్జ్ అయినవారు, రిటైరైనవారు, సర్వీసు నుంచి విడుదలైనవారు అందరూ అర్హులే. యాక్టివ్ డ్యూటీ చేసినవాళ్లకీ, టెక్సాస్ నేషనల్ గార్డ్ వాళ్లకీ, రిజర్వ్ వాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఎస్ఏటీ స్కోరులా ఐదేళ్లకు గడువు తీరిపోయేది కాదు.

నా డిశ్చార్జ్ ‘ఆనరబుల్’ కాదు, ‘జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్’ అని ఉంది.

నిబంధనలో ఉన్న మాట గౌరవప్రదమైన డిశ్చార్జ్. జనరల్ డిశ్చార్జ్‌ని ఆ మాట కింద లెక్కిస్తారా లేదా అన్నది కాలేజీ చెప్పాలి. సిగ్గుపడి ఆ కాగితం దాచుకోకండి, తెచ్చి చూపించి అడగండి. కాదంటే పరీక్ష రాసే దారి తెరిచే ఉంటుంది, ఆ పరీక్షలో తప్పడమంటూ లేదు.

మా ఆయన నేవీలో ఉన్నారు. నేను కాలేజీలో చేరితే నాకు వర్తిస్తుందా? మా అమ్మాయికి?

వర్తించదు. సేవ చేసిన వ్యక్తికి మాత్రమే. అయితే టెక్సాస్‌లో పోస్టింగ్ మీద ఉన్న సైనికుడి భార్యకూ భర్తకూ పిల్లలకూ టెక్సాస్ వాసుల ట్యూషన్ రేటే వేస్తారు. అది అడిగి తీసుకోండి, బయటి రాష్ట్రం రేటుతో పోలిస్తే వేల డాలర్ల తేడా ఉంటుంది.

ఆర్ఓటీసీలో (కాలేజీలో చదువుతూ ఆఫీసర్ శిక్షణ పొందే కార్యక్రమంలో) ఉన్నాను. లేదా కాంట్రాక్టు మీద సంతకం చేశాను, బూట్ క్యాంప్‌కి ఇంకా వెళ్లలేదు. నాకు?

రెండు సందర్భాల్లోనూ మీరు ఇంకా యాక్టివ్ డ్యూటీలో లేరు. మినహాయింపు రాదు. ఆర్ఓటీసీలో ఉంటూనే గార్డ్‌లోనో రిజర్వ్‌లోనో మూడేళ్లుగా ఉన్నవాళ్లు మాత్రం ఆ సభ్యత్వం చూపించి అడగవచ్చు.

నేను ఇంకా సిటిజన్ కాదు, గ్రీన్ కార్డు మీదే ఆర్మీలో ఉన్నాను. తేడా ఉంటుందా?

ఈ మినహాయింపుకి పౌరసత్వంతో పని లేదు, సేవే ముఖ్యం. వీసా గురించి కూడా తరచూ అడుగుతారు కాబట్టి ఒక మాట. ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లు ఇప్పుడు సైన్యంలో చేరలేరు. 2009 నుంచి మావ్నీ అనే పథకం కింద కొందరు విదేశీ విద్యార్థుల్ని, వారిలో మన భారతీయుల్ని కూడా, తీసుకునేవారు. 2016లో ఆ తలుపు మూసేశారు. అప్పుడు చేరినవాళ్లలో చాలామంది సర్వీసు పూర్తి చేసుకుని ఉంటారు. వాళ్లూ గౌరవప్రదమైన డిశ్చార్జ్ చూపించి ఈ మినహాయింపు అడగవచ్చు.

## కాగితాలు, దరఖాస్తు

ఏ కాగితం చూపించాలి?

సర్వీసులో ఉన్నవాళ్లయితే యూనిట్ ఇచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ సర్వీస్, లేదా కమాండర్ సంతకంతో మెమో. అందులో చేరిన తేదీ స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే మూడేళ్లు లెక్కపెట్టేది దాంతోనే. బయటికొచ్చినవాళ్లకి డీడీ-214 అనే డిశ్చార్జ్ కాగితం. అందులోనూ ‘మెంబర్-4’ అని రాసి ఉన్న కాపీ తీసుకెళ్లండి. డిశ్చార్జ్ ఎలాంటిదో దానిమీదే కనిపిస్తుంది, మెంబర్-1 కాపీ మీద ఆ గడి ఉండదు. నేషనల్ గార్డ్ వాళ్ల దగ్గర అలాంటిదే ఎన్‌జీబీ-22 అనే కాగితం ఉంటుంది.

మిలిటరీ ఐడీ కార్డుని ఫొటో తీసి ఈమెయిల్లో పంపకండి. అలా ఫొటో తీయడంపై నిషేధం ఉంది. మెమో పంపడమే పద్ధతి.

డీడీ-214 పోయింది. ఏం చేయాలి?

నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో అడిగితే ఉచితంగా పంపిస్తారు. వచ్చేదాకా కాలేజీ దరఖాస్తు ఆపక్కర్లేదు, ముందు అప్లై చేసేయండి. చాలామంది కౌంటీ క్లర్క్ ఆఫీసులో కాపీ రిజిస్టర్ చేయించుకుంటారు. మీరూ చేయించి ఉంటే అక్కడ ఇంకా త్వరగా దొరుకుతుంది.

దరఖాస్తులో ‘మిలిటరీ’ అని టిక్ పెట్టాను. మినహాయింపు దానంతట అదే పడుతుందా?

పడుతుందని అనుకోకండి. మా అక్క కొడుకు అలాగే అనుకున్నాడు. రిజిస్ట్రేషన్ రోజు చూస్తే అకౌంట్ మీద టీఎస్ఐ హోల్డ్ ఉంది, తరగతులు తీసుకోనివ్వలేదు. కౌంటర్లో ఉన్నావిడ పరీక్ష ఫీజు కట్టి రాసేయమంది. ఆవిడ తప్పు కూడా కాదు, ఆవిడ తెరమీద మెమో లేదు. వాడు మెమో ఇచ్చాక రెండు రోజుల్లో హోల్డ్ తీసేశారు. కానీ ఆ రెండు రోజుల్లో సాయంత్రం తరగతి నిండిపోయింది. పగలు డ్యూటీ ఉన్నవాడికి సాయంత్రం తరగతి పోవడమంటే ఒక టర్మ్ పోవడమే.

టిక్ పెట్టింది అడ్మిషన్ ఆఫీసు కోసం. హోల్డ్ తీసేది టెస్టింగ్ ఆఫీసో అడ్వైజింగ్ ఆఫీసో అవుతుంది. రిజిస్ట్రేషన్ తెరవడానికి రెండు మూడు వారాల ముందే కాగితం ఇచ్చి, పోర్టల్‌లో ‘టీఎస్ఐ ఎగ్జెంప్ట్’ అని కనిపించేదాకా వెంటబడండి.

ఇండియాలో బీటెక్ చేసి ఇక్కడికొచ్చి ఆర్మీలో చేరాను. డిగ్రీ ఉన్నా టీఎస్ఐ అడుగుతారా?

అమెరికా కాలేజీ నుంచి అసోసియేట్ లేదా బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకి విడిగా మినహాయింపు ఉంది. మన డిగ్రీలకు మాత్రం ముందు మూల్యాంకనం చేయించి ఆ రిపోర్టు చూపించమంటారు, దానికి డబ్బూ సమయమూ అవుతాయి. మీకు మూడేళ్ల సర్వీసు ఉంటే సైనిక మినహాయింపే దగ్గరి దారి. మూల్యాంకనం క్రెడిట్ల కోసం ఎలాగూ పనికొస్తుంది, నింపాదిగా చేయించుకోండి.

మూడేళ్లు నిండలేదు, కాలేజీ కుదరదంది. ఇంకేమైనా దారులున్నాయా?

ఉన్నాయి. ఐదేళ్లలోపు రాసిన ఎస్ఏటీలో ఇంగ్లీషు భాగంలో 480 వస్తే ఇంగ్లీషుకి, లెక్కల్లో 530 వస్తే లెక్కలకి మినహాయింపు. రెండూ విడివిడిగా చూస్తారు, ఒకదాంట్లోనే వచ్చినా ఆ మేరకు లాభమే. 2023 ఫిబ్రవరి నుంచి రాసిన ఏసీటీ అయితే ఇంగ్లీషు, రీడింగ్ కలిపి 40, లెక్కల్లో 22 రావాలి. కమ్యూనిటీ కాలేజీలో 42 క్రెడిట్లు మించని లెవెల్-1 సర్టిఫికెట్ కోర్సులో చేరేవాళ్లకు టీఎస్ఐ వర్తించదు. వెల్డింగ్, ఎయిర్ కండిషనింగ్ లాంటి కోర్సులు చాలా ఇందులోకే వస్తాయి. తర్వాత డిగ్రీకి మారితే మాత్రం అప్పుడు మళ్లీ అడుగుతారు.

పరీక్ష రాయక తప్పకపోతే ఎలా ఉంటుంది?

కంప్యూటర్ మీద రాస్తారు, టైమ్ లిమిట్ లేదు, మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టమో తేలికో అవుతుంది. లెక్కల్లో 950 వస్తే కాలేజీ స్థాయి. ఇంగ్లీషులో 945తో పాటు వ్యాసానికి ఎనిమిదిలో కనీసం 5 రావాలి. ఆ మార్కు అందకపోతే వెంటనే డయాగ్నొస్టిక్ భాగం వస్తుంది, లెక్కల్లో అక్కడ 6వ స్థాయి తెచ్చుకున్నా సరిపోతుంది. కాబట్టి మొదటి భాగం పోయిందని నీరుగారిపోకండి.

## కాలేజీలో చేరాక

మినహాయింపు ఉంది కాబట్టి నేరుగా ఏ లెక్కల తరగతైనా తీసుకోవచ్చా?

కాలేజీ ఆల్జీబ్రా, అంటే మ్యాథ్ 1314 లాంటి మొదటి మెట్టు తరగతుల్లోకి మినహాయింపుతో వెళ్లవచ్చు. కాల్‌క్యులస్‌లోకి వెళ్లలేరు. దానికి ముందు చదవాల్సిన కోర్సులు ఉంటాయి, కొన్ని యూనివర్సిటీలు అలెక్స్ లాంటి సొంత లెక్కల పరీక్ష కూడా పెడతాయి. టీఎస్ఐ మినహాయింపు వాటిని ఆపదు.

ఇంకో మాట. మీ డిగ్రీకి ఆల్జీబ్రా నిజంగా కావాలా అని అడ్వైజర్‌ని అడగండి. చరిత్ర, క్రిమినల్ జస్టిస్ లాంటి కోర్సులకు మ్యాథ్ 1332 సరిపోవచ్చు. అవసరం లేని ఆల్జీబ్రాతో కుస్తీ పట్టి మానేసినవాళ్లని నేను చూశాను.

లెక్కలు పూర్తిగా మర్చిపోయాను. మినహాయింపు వాడుకోవాలా, మానాలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సినవాళ్లు ఎక్కువ. మినహాయింపు మీ దగ్గర పరీక్ష అడగొద్దని కాలేజీకి చెబుతుంది. మీకు లెక్కలు వచ్చని ఎవరికీ చెప్పదు, ముఖ్యంగా ఆల్జీబ్రా చెప్పే ప్రొఫెసర్‌కి అసలే చెప్పదు.

డబ్బు సంగతి చూడండి. సర్వీసులో ఉండి ట్యూషన్ అసిస్టెన్స్‌తో చదివేవాళ్లకి క్రెడిట్‌కి 250 డాలర్ల దాకా సైన్యం కడుతుంది. అండర్‌గ్రాడ్యుయేట్ కోర్సులో సీ కంటే తక్కువ గ్రేడ్ వస్తే ఆ డబ్బు మీ జీతంలోంచి తిరిగి పట్టుకుంటారు. మూడు క్రెడిట్ల ఆల్జీబ్రాలో డీ వస్తే 750 డాలర్ల దాకా పోయినట్టే. జీఐ బిల్లు (సైనిక సేవ చేసినవాళ్ల చదువు ఖర్చు కట్టే ప్రభుత్వ పథకం) మీద చదివేవాళ్లు భయపడి మధ్యలో తరగతి వదిలేస్తే, తగిన కారణం చూపించలేకపోతే, వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) కట్టిన డబ్బు అప్పుగా మీ నెత్తిన పడవచ్చు.

మినహాయింపు తీసుకోండి, హక్కుని వదులుకోవద్దు. తీసుకున్నాక ఎక్కడున్నారో మీరే చూసుకోండి. టీఎస్ఐఏ2 నమూనా ప్రశ్నలు కాలేజ్ బోర్డ్ సైట్లో ఉచితంగా ఉన్నాయి. ఓ ఆదివారం కూర్చుని చేస్తే మీకే తెలిసిపోతుంది. బేస్‌లోని ఎడ్యుకేషన్ సెంటర్లో డాంటెస్ అనే సైనికుల విద్యా కార్యక్రమం ద్వారా ఏ ఉచిత పాఠాలు దొరుకుతాయో అడగండి. కాలేజీల్లో ట్యూటరింగ్ ల్యాబులు విద్యార్థులకు ఉచితం, కానీ తరగతి మొదలైన నాలుగో వారంలో కాకుండా మొదటి రోజే వెళ్లాలి.

నా అంతట నేనే డెవలప్‌మెంటల్ తరగతి తీసుకుంటానంటే ఒప్పుకుంటారా? జీఐ బిల్లు కడుతుందా?

కాలేజీ ఒప్పుకుంటుంది. వీఏ విషయంలో మాత్రం చిక్కుంది. డెవలప్‌మెంటల్ తరగతికి వీఏ డబ్బు కట్టాలంటే మీకు అది అవసరమని పరీక్ష ద్వారా రుజువుండాలి. మీరు మినహాయింపు వాడుకుని పరీక్షే రాయలేదు కాబట్టి రుజువు లేదు. పైగా ఇలాంటి తరగతి ఆన్‌లైన్లో ఉంటే వీఏ అసలు కట్టదు, క్యాంపస్‌లో కూర్చుని చదివేదై ఉండాలి.

దీనికి దారి ఏమిటంటే, మినహాయింపు ఉన్నా స్వచ్ఛందంగా ప్లేస్‌మెంట్ పరీక్ష రాసి, ఆ ఫలితం కాలేజీలోని వీఏ సర్టిఫయింగ్ అధికారికి ఇచ్చి, ఆ తర్వాత క్యాంపస్ తరగతిలో చేరడం. 2017 నాటి హౌస్ బిల్ 2223 వచ్చాక టెక్సాస్‌లో ఈ సహాయ తరగతులు ఎక్కువగా అసలు కోర్సుతో పాటే అదే టర్మ్‌లో నడుస్తున్నాయి. కాబట్టి మునుపటిలా ఏడాది వెనకబడరు.

ఒక కాలేజీలో మినహాయింపు వచ్చింది. ఇంకో యూనివర్సిటీకి మారితే మళ్లీ అడుగుతారా?

టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల మధ్య మారినప్పుడు టీఎస్ఐ స్థితి మామూలుగా ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనిపిస్తుంది. అయినా మెమో, డీడీ-214 కాపీ మీ దగ్గర ఒక ఫైల్లో ఉంచుకోండి. పోస్టింగ్ మారినప్పుడల్లా సామాన్లతో పాటు కాగితాలూ ఎక్కడో ఉండిపోతాయి.

టర్మ్ మధ్యలో డిప్లాయ్‌మెంట్ ఆర్డర్ వస్తే?

టెక్సాస్ చట్టం ప్రకారం యాక్టివ్ సర్వీసుకి పిలుపు వచ్చి చదువు ఆపాల్సి వస్తే ట్యూషన్ తిరిగి తీసుకోవచ్చు, లేదా ‘ఇన్‌కంప్లీట్’ పెట్టించుకోవచ్చు, లేదా కోర్సు చాలావరకు పూర్తయి, మీకు విషయం వచ్చని టీచరు తేలిస్తే గ్రేడు తీసుకోవచ్చు. ఎంచుకునే హక్కు మీదే. ఆర్డర్ కాపీ ఇచ్చి వెళ్లండి, చెప్పకుండా మాయమైతే ఎఫ్ పడుతుంది.

హేజిల్‌వుడ్ అంటే ఇదేనా?

కాదు. హేజిల్‌వుడ్ ఫీజుకి సంబంధించిన మినహాయింపు. టెక్సాస్ నుంచి సైన్యంలో చేరి, శిక్షణ కాకుండా 181 రోజులైనా యాక్టివ్ డ్యూటీ చేసి, గౌరవప్రదంగా బయటికొచ్చినవాళ్లకి ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ల దాకా ట్యూషన్ మాఫీ చేస్తుంది. వాడుకోని క్రెడిట్లు పిల్లలకు కూడా ఇవ్వవచ్చు. రెంటికీ విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

## టెక్సాస్ బయట

ఫ్లోరిడాకి పోస్టింగ్ వచ్చింది. అక్కడా ఇలాగే ఉందా?

ఉంది, కాస్త వేరుగా. 2013లో వచ్చిన సెనేట్ బిల్ 1720 తర్వాత ఫ్లోరిడా స్టేట్ కాలేజీల్లో యాక్టివ్ డ్యూటీ సైనికులు ప్లేస్‌మెంట్ పరీక్ష రాయక్కర్లేదు, డెవలప్‌మెంటల్ తరగతుల్లో చేరక్కర్లేదు. మూడేళ్ల షరతు లేదు. అయితే అక్కడి నిబంధన సర్వీసులో ఉన్నవాళ్ల గురించే చెబుతుంది, టెక్సాస్‌లోలా వెటరన్లను కలపలేదు. రిటైర్ అవబోతున్నవాళ్లు సర్వీసులో ఉండగానే కాలేజీలో చేరడం మంచిది.

మాస్టర్స్‌కి వెళ్లాలనుకుంటున్నాను. జీఆర్ఈ కూడా మాఫీ అవుతుందా?

టీఎస్ఐ అండర్‌గ్రాడ్యుయేట్ మొదటి మెట్టుకే పరిమితం. జీఆర్ఈ, జీమ్యాట్ మాఫీ చేయడం ఆయా డిపార్ట్‌మెంట్ల ఇష్టం. ఎంబీఏ కోర్సుల్లో సైనిక అనుభవం చూసి జీమ్యాట్ వదిలేసేవి ఉన్నాయి, ముందుగా అడగండి.

మన ఎంసెట్‌లో మిలిటరీ పిల్లలకు క్యాప్ కోటా ఉంది కదా, అలాంటిదేనా ఇది?

పోలిక సరిపోదు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఆ పరీక్షలో క్యాప్ అంటే భారత సాయుధ దళాల్లో పనిచేసిన, చేస్తున్నవారి పిల్లలకు రెండు శాతం సీట్లు. పరీక్ష రాయాల్సిందే, అర్హత సాధించాల్సిందే, కౌన్సెలింగ్‌లో సైనిక సంక్షేమ శాఖ కాగితాలు పరిశీలిస్తుంది. అక్కడ లాభం పిల్లలది, సీటు విషయంలో. టెక్సాస్‌లో లాభం సైనికుడిది, పరీక్ష విషయంలో. అమెరికా సైన్యంలో పనిచేసే తండ్రి కాగితాలతో హైదరాబాద్‌లో క్యాప్ అడగడం కుదరదు. నిరుడు ఒకావిడ ఆ ఆశతోనే బాబు సర్టిఫికెట్లన్నీ నోటరీ చేయించుకుని తెచ్చారు. మీకు ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పాలనే ఈ ప్రశ్న కూడా చేర్చాను.